ఊరి చరిత్రకు సాయం చేసిన వాళ్లకు కృతజ్ఞతలు ఎలా చెప్పాలి

మీ ఊరి చరిత్ర రాస్తున్నారు. గుడి దగ్గరి శాసనాన్ని ఫొటో తీశారు, వాడవాడకూ తిరిగి పెద్దవాళ్లతో మాట్లాడారు, తహసీల్ ఆఫీసులో పాత పహాణీలు తిరగేశారు. పుస్తకం దాదాపు పూర్తయింది. ఇక మిగిలింది ముందు పేజీల్లో వచ్చే కృతజ్ఞతలు. చాలామంది దీన్ని ప్రెస్సుకు పంపే ముందు రాత్రి రాస్తారు. ‘ఈ పుస్తకానికి సహకరించిన పెద్దలకు, మిత్రులకు, శ్రేయోభిలాషులకు ధన్యవాదాలు’ అని ఒక వాక్యం, దాని కింద ఇద్దరు ముగ్గురు నాయకుల పేర్లు. నెలల తరబడి తమ జ్ఞాపకాలు విప్పి చెప్పినవాళ్ల పేర్లు ఎక్కడా కనబడవు. అలాంటి పేజీ చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

ఊరి చరిత్రలో ఈ పేజీ రెండు పనులు చేయాలి. సాయం చేసిన మనిషికి దక్కాల్సింది దక్కాలి. ఏ సంగతి ఎవరి నోటి నుంచి వచ్చిందో రేపు చదివేవాళ్లకు తెలియాలి. రాజుల చరిత్రకు శాసనాలు, ఫర్మానాలు ఉంటాయి. మీ ఊరి చెరువుకు రెండో తూము ఎవరి కాలంలో పెట్టారో, గడిలో (దొర కోటలాంటి ఇంట్లో) వెట్టి చేసిన ఇళ్లు ఏవేవో చెప్పడానికి చాలాసార్లు ఒక మనిషి తప్ప వేరే ఆధారం ఉండదు. ఆ మనిషి పేరు లేకపోతే మీరు రాసింది గాలిమాట అయిపోతుంది.

ఈ పద్ధతికి మన నేల మీదే మంచి దారి ఉంది. పాలమూరు (మహబూబ్‌నగర్) బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చి, 354 మంది తెలంగాణ కవులను ఒకచోట చేర్చారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు అది జవాబు. పేర్లతో సహా చూపించారు కాబట్టే ఆ జవాబుకు అంత బలం వచ్చింది. మీ కృతజ్ఞతల పేజీలో కూడా ప్రతి మనిషి గురించీ మూడు సంగతులు తేలాలి: ఎవరు, ఏ ఊరు, ఏం ఇచ్చారు.

1. మొదటి రోజే ఒక నోటుబుక్కు పెట్టండి

కృతజ్ఞతల పని చివర్లో మొదలుపెడితే సగం పేర్లు గుర్తుండవు. కాబట్టి సమాచారం రాసుకునే పుస్తకంతో పాటు, సాయం చేసినవాళ్ల కోసం వేరే నోటుబుక్కు పెట్టుకోండి. ఎవరింటి నుంచి వచ్చినా ఆ పూటే రాయండి. మనిషి పేరు ఆయన లేదా ఆమె చెప్పినట్టే రాయాలి. ఇంటిపేరు, తల్లి లేదా తండ్రి పేరు, వాడ లేదా తండా, ఫోన్ నంబరు, ఏ తేదీన కలిశారు, ఏం చెప్పారు, ఏం చూపించారు, ఏ కాగితం లేదా ఫొటో ఇచ్చారు, అది తిరిగి ఇచ్చారా లేదా, పుస్తకంలో పేరు వేయడానికి ఒప్పుకున్నారా అన్నవి తప్పకుండా ఉండాలి.

ఇంటిపేరు, తండ్రి పేరు ఎందుకంటే, మన దగ్గర ఒకే పేరున్న వాళ్లు చాలామంది. యాదగిరిగుట్ట మీది భక్తితో నల్లగొండ వైపు యాదయ్యలు, యాదమ్మలు, కురుమూర్తి స్వామి పేరుతో పాలమూరు వైపు కురుమయ్యలు, కురుమమ్మలు ప్రతి వాడలో ఉంటారు. ‘యాదయ్య గారికి కృతజ్ఞతలు’ అంటే ఏ యాదయ్యకు? ఆయన మనవడు కూడా తేల్చుకోలేడు.

దేవరకొండ వైపు తండాల్లో, అమ్రాబాద్ వైపు చెంచు పెంటల్లో (చెంచుల గూడేల్లో) ఇంకో జాగ్రత్త కావాలి. ఆధార్‌లో ఒక పేరు ఉంటుంది, తండాలో పిలిచే పేరు ఇంకోటి ఉంటుంది. ఏది అచ్చు వేయాలో వాళ్లనే అడగండి. రెండూ కావాలంటే రెండూ వేయండి.

2. ఎవరెవరి సాయం లెక్కలోకి వస్తుందో కూర్చుని ఆలోచించండి

ఈ మెట్టు దగ్గర తొందరపడొద్దు. సర్పంచ్‌నీ, హెడ్మాస్టర్‌నీ ఎవరూ మర్చిపోరు. మర్చిపోయేది నిజంగా బరువు మోసినవాళ్లను.

ముందు చెరువు నీళ్లు పొలాలకు పంచే నీరటి కుటుంబాన్ని గుర్తు చేసుకోండి. ఏ తూము నీళ్లు ఏ పొలానికి పారేవి, ఏ ఏడు అలుగు దుంకింది, కట్ట ఎక్కడ బలహీనం అన్నవి ఆ ఇంట్లో తరతరాలుగా నడిచే జ్ఞానం. ఊరి పొలిమేర రాళ్లు ఎక్కడున్నాయో, పాత బాట ఏ చెలక మీదుగా పోయేదో సేత్‌సింధి (ఊరి కావలి) పని చేసిన కుటుంబాల వాళ్లు వెంట నడిచి చూపిస్తారు. చేను గట్టున బోర్లా పడిన వీరగల్లును (వీరుడి గుర్తుగా నిలిపిన రాయిని) మీకు చూపించింది గొర్లు కాసే మనిషి అయ్యుంటాడు. ఆయన చెప్పకపోతే ఆ రాయి మీ పుస్తకంలోకి వచ్చేదే కాదు.

తర్వాత ఉర్దూ చదివిపెట్టిన వాళ్లు. హైదరాబాద్ రాజ్యం నాటి రెవెన్యూ కాగితాలు, సేత్వార్ (సర్వే నాటి భూముల పట్టిక) కానీ వసూల్ బాకీ కానీ, ఎక్కువగా ఉర్దూలో ఉంటాయి. వాటి మీద ఫసలీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే మనం వాడే సంవత్సరానికి దగ్గరగా వస్తుంది. ఫసలీ 1357 అంటే 1947-48. ఆ గొలుసుకట్టు రాతను విడదీసి చెప్పేది ఒక రిటైర్డ్ ఉర్దూ టీచరో, మసీదు ఇమాం సాబో, పాత పట్వారీ ఇంట్లోని పెద్దాయనో. కళ్లద్దాలు మార్చుకుంటూ, భూతద్దం పెట్టుకుంటూ గంటల కొద్దీ చేసే పని అది. అలాంటి వాళ్లను ‘సలహాలు ఇచ్చినవారు’ అనే గుంపులో వేయకండి. ‘ఫలానా రికార్డును ఉర్దూలో చదివి తెలుగులో చెప్పినవారు’ అని విడిగా రాయండి.

ఆడవాళ్ల సాయం దగ్గరే చాలా పుస్తకాలు అన్యాయం చేస్తాయి. మీరు అరుగు మీద కూర్చుని తాతతో మాట్లాడుతుంటే లోపల పొయ్యి కాడి నుంచి ‘గా కరువు అప్పుడు గాదు, మా పెద్దోడు పుట్టకముందే’ అని సరిదిద్దిన అవ్వ ఉంటుంది. తేదీ తేలింది ఆ ఒక్క మాటతో. నోటుబుక్కులో మాత్రం తాత పేరే పడుతుంది. నాట్ల పాటల్లో, బతుకమ్మ పాటల్లో ఊరి సంగతులు దాచిపెట్టింది ఆడవాళ్లే. ఆ పాటలు పాడి వినిపించినవాళ్ల పేర్లు వాళ్ల సొంత పేర్లతో రాయండి. ‘ఫలానా గారి భార్య’, ‘ఫలానా గారి తల్లి’ అని రాస్తే అది ఆమెకు చెప్పిన కృతజ్ఞత కాదు.

ఒగ్గు కళాకారులు, చిందు, బైండ్ల, డక్కలి, వంశరాజ్ కళాకారులు కులపురాణాలు, గోత్రాలు, వంశావళులు నోటికి అప్పజెప్తారు. ఇది వాళ్ల విద్య, వాళ్ల బతుకుదెరువు కూడా. వాళ్ల దగ్గర తీసుకున్నదాన్ని ‘జానపదుల నుంచి సేకరించినది’ అని ఒక్క మాటలో తేల్చేయడం తప్పు. కళాకారుడి పేరు, బృందం పేరు, ఊరు, ఏ కథ, ఎంతసేపు చెప్పారు అన్నవి రాయండి. ఆ సముదాయం తనను ఇప్పుడు ఏ పేరుతో పిలుచుకుంటుందో ఆ పేరే వాడండి. పాత రికార్డుల్లో కనిపించే కించపరిచే పేర్లు మోయొద్దు.

ఇక బండి మీద ఎక్కించుకుని తిప్పిన దోస్తు, మధ్యాహ్నం జొన్నరొట్టె పెట్టిన ఇల్లు, బురుజు చుట్టుకొలత టేపు పట్టి కొలిచిన బడిపిల్లలు, రాత్రిళ్లు కూర్చుని టైపు చేసిన డీటీపీ ఆపరేటరు. వీళ్లకు తలా ఒక వాక్యం చాలు, కానీ ఆ వాక్యం ఉండి తీరాలి.

3. పేరు వేయాలా వద్దా అని అడగండి

కృతజ్ఞత చెప్పడం మంచి పనే కాబట్టి అడగనక్కర్లేదు అనుకుంటారు. మన దక్షిణ తెలంగాణలో, అంటే పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో, ఇది ప్రమాదం. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటానికి నల్లగొండ జిల్లా గుండెకాయ. ఆ రోజుల గురించి మీకు చెప్పిన మనిషి, ఎవరింటి మీద దాడి జరిగిందో, ఎవరు ఎవరిని పట్టించారో కూడా చెప్పి ఉంటారు. ఆ రెండు కుటుంబాలూ ఇప్పటికీ ఒకే ఊళ్లో ఉంటాయి, పెళ్లిళ్లకు పిలుచుకుంటాయి. రజాకార్ల చేతిలో నష్టపోయిన ఇల్లు ఒక పక్కన ఉంటే, 1948 సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత అయినవాళ్లను పోగొట్టుకున్న ముస్లిం కుటుంబం ఇంకో పక్కన ఉంటుంది. మీ కృతజ్ఞతల పేజీ వాళ్ల మధ్య కొత్త తగాదా కాకూడదు.

పాలమూరు వైపు జోగినీగా బతుకు గడిపిన అక్కలు తమ కథ చెప్పి ఉంటే ఇంకా జాగ్రత్త పడాలి. 1988లో ఆ దురాచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది గానీ, ఆ పేరు తెచ్చే అవమానం చట్టంతో పోలేదు. వాళ్ల పిల్లలకు చదువులు, ఉద్యోగాలు, సంబంధాలు ఉన్నాయి.

అడిగే తీరు సాదాగా ఉండాలి. ‘అవ్వా, నువ్వు చెప్పిన ముచ్చట పుస్తకంలో రాస్తున్న. నీ పేరు పెట్టమంటవా, వద్దంటవా?’ అని ఒకసారి మాట్లాడిన రోజే అడగండి. పుస్తకం ప్రెస్సుకు పోయే ముందు, రాసింది చదివి వినిపించి ఇంకోసారి అడగండి. నలుగురి ముందు అడిగితే మొహమాటానికి ఒప్పుకుంటారు. ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. ఒప్పుకున్న మాటను ఫోన్‌లో రికార్డు చేసి ఉంచితే మీకూ వాళ్లకూ మంచిది.

పేరు వద్దన్నవాళ్లకు కూడా కృతజ్ఞత చెప్పొచ్చు. ‘పేరు రాయవద్దని కోరినవారికి కూడా ఈ పుస్తకం రుణపడి ఉంది’ అంటే సరిపోతుంది. వాడ, వయసు, కులం, ఎంతమంది అన్నవి చేర్చకండి. చిన్న ఊళ్లో ఆ నాలుగు వివరాలతో మనిషిని ఇట్టే పట్టేస్తారు.

ఆఫీసుల్లో చిన్న ఉద్యోగుల విషయం కూడా ఇలాంటిదే. రికార్డు రూంలో బస్తా దింపి చూపించిన అటెండరు మంచి మనసుతో ఆ పని చేసి ఉంటాడు. పై వాళ్ల అనుమతి లేకుండా చేసి ఉంటే, మీ కృతజ్ఞతే అతని మీద మెమో అయి కూర్చుంటుంది. అడగండి, వద్దంటే మానేయండి, ఇంటికి వెళ్లి చెప్పి రండి.

4. ఏం ఇచ్చారో స్పష్టంగా రాయండి

ఇలా రాయొద్దు: ‘విలువైన సమాచారం అందించిన ---- గారికి ధన్యవాదాలు.’

ఇలా రాయండి: ‘పెద్దచెరువు కట్ట తెగిన ఏడు ఊరంతా కలిసి మళ్లీ కట్ట పోసిన తీరు చెప్పినవారు ---- గారు, నీరటి కుటుంబం. మూడో అధ్యాయంలో చెరువు భాగం చాలావరకు ఆయన చెప్పిందే.’

రెండోది చదివినవాళ్లకు ఆ పెద్దాయన విలువ తెలుస్తుంది. మీ అధ్యాయాన్ని అనుమానించేవాళ్లకు ఎవరిని అడగాలో కూడా తెలుస్తుంది. ఇంకో నమూనా: ‘ఫసలీ ---- నాటి సేత్వార్ నకలును ఉర్దూలో చదివి, సర్వే నంబర్ల పట్టిక తయారు చేయడంలో వెంట కూర్చున్నవారు ---- సాబ్.’

శాసనం దగ్గర పనులు విడదీసి చెప్పాలి. రాయి ఉన్న చోటు చూపించిన మనిషి ఒకరు, పొదలు కొట్టి మట్టి కడిగినవాళ్లు కొందరు, కాగితం మీద అచ్చు తీసినవారు లేదా ఫొటో తీసినవారు ఇంకొకరు, అక్షరాలు చదివి పాఠం తయారు చేసిన పండితులు వేరొకరు. పుస్తకాల్లో సాధారణంగా చివరి పేరే మిగులుతుంది. నలుగురి పనీ రాయండి. అయితే పానగల్లు, సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి, అలంపురం లాంటి చోట్ల శాసనాల పాఠాలు ఏనాడో అచ్చయ్యాయి. వాటిని పుస్తకం నుంచి తీసుకుని ఉంటే ఆ సంగతి ఆధార గ్రంథాల పట్టికలో చెప్పాలి. పుస్తకంలో చూసిన పండితుడికి కృతజ్ఞతల పేజీలో దండం పెడితే, ఆయన మీకు స్వయంగా చదివి ఇచ్చారని పాఠకులు అనుకుంటారు.

ఊరి పేరు పక్కన జిల్లా ఎలా రాయాలన్నది చాలామందికి టెన్షన్. 2016 అక్టోబరు 11న పాత నల్లగొండ జిల్లా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలైంది. పాత మహబూబ్‌నగర్ నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల వేరుపడ్డాయి. 2019లో నారాయణపేట కూడా జిల్లా అయింది. కాబట్టి ఇప్పటి మండలం, ఇప్పటి జిల్లా రాసి, మీ పుస్తకం పాత కాలానిదైతే పాత జిల్లా పేరు కూడా ఒకసారి చెప్పండి. నాగార్జునసాగర్ ముంపులో పోయిన ఏలేశ్వరం లాంటి ఊళ్ల వాళ్లు, శ్రీశైలం ముంపులో ఇళ్లు వదిలిన కొల్లాపూర్, అలంపూర్ వైపు వాళ్లు మీకు సాయం చేసి ఉంటే, ఇప్పుడు ఉంటున్న చోటు పేరుతో పాటు మునిగిన ఊరి పేరు తప్పకుండా వేయండి. వాళ్లు మీకు ఇచ్చింది ఆ ఊరినే.

పేర్ల వరుస హోదా ప్రకారం పెట్టకండి. అక్షరక్రమం ఒక పద్ధతి. నాకు నచ్చేది అధ్యాయాల వరుస: చెరువు అధ్యాయానికి సాయం చేసినవాళ్లు ఒకచోట, గడి అధ్యాయానికి సాయం చేసినవాళ్లు ఒకచోట. ‘గారు’ పెడితే అందరికీ పెట్టాలి. కలెక్టరుకు శ్రీ, గారు రెండూ తగిలించి, గొర్లకాపరికి వట్టి పేరు వేయడం చదివేవాళ్లకు ఇట్టే కనబడుతుంది, ఆ ఇంటివాళ్లకు గుచ్చుకుంటుంది.

పెద్ద వయసు వాళ్లతో పని కాబట్టి పుస్తకం వచ్చేలోపు కొందరు పోతారు. ప్రెస్సుకు పంపే ముందు ప్రతి ఇంటికీ ఒక ఫోన్ చేయండి. పోయినవాళ్ల పేరు ముందు కీర్తిశేషులు అనాలా, మర్హూం అనాలా, ఇంకేమైనా అనాలా అన్నది కుటుంబాన్ని అడిగి రాయండి.

5. తీసుకున్నవి తిరిగి ఇవ్వండి

కాగితం మీద ఎంత చక్కగా రాసినా, పెళ్లి ఫొటో మీ బీరువాలోనే ఉండిపోతే ఆ కృతజ్ఞతకు అర్థం లేదు. ఫొటోలు, పట్టా కాగితాలు, ఉత్తరాలు స్కాన్ చేసిన వెంటనే ఇచ్చేయండి. కుదిరితే వాళ్ల ఇంట్లోనే ఫోన్‌తో తీసుకుని అసలు కాగితం కదపకుండా రండి. తిరిగి ఇచ్చేటప్పుడు పాత ఫొటోను శుభ్రంగా కొత్త ప్రింటు వేయించి ఫ్రేము కట్టించి ఇస్తే, ఆ ఇంట్లో వాళ్ల కళ్లలో కనిపించే సంతోషం ఏ శాలువాకూ రాదు.

కూలికి పోయే మనిషి మీ కోసం పూట ఆగితే ఆ పూట కూలి పోయినట్టే. దాన్ని ఇవ్వడం మర్యాద. అది చెప్పిన మాటకు ధర కట్టడం అవుతుందేమోనని కొందరు వెనకాడతారు. ‘మీ పని ఆగింది గదా’ అని ముందే చెప్పి, వాళ్లు ఏం చెప్పినా చెప్పకపోయినా ఇస్తే ఆ ఇబ్బంది ఉండదు. కళాకారులకు మాత్రం సంభావన ముందే మాట్లాడుకోండి. ఈ డబ్బు వివరాలేవీ పుస్తకంలోకి రాకూడదు.

6. చెవిన పడేలా చెప్పండి

మీకు ఎక్కువ సాయం చేసినవాళ్లలో చాలామందికి చదువు రాదు. వాళ్లకు అచ్చయిన పేజీ చేరినట్టు కాదు. పుస్తకం తీసుకుని ఇంటికి వెళ్లండి, వాళ్ల పేరున్న చోటు వేలు పెట్టి చూపించండి, ఆ వాక్యం చదవండి, వాళ్లు చెప్పిన సంగతి ఉన్న పేజీ కూడా చదవండి. మనవళ్లు, మనవరాళ్లు ఇంట్లో ఉన్న సమయం చూసుకుంటే మరీ మంచిది. తాత చెప్పింది పుస్తకంలో ఉందని పిల్లలు వినాలి.

మక్తల్, నారాయణపేట వైపు నుంచి ముంబై, పుణె పోయినవాళ్లు ఫోన్‌లోనే సాయం చేసి ఉంటారు. వాళ్లకు ఆ పేజీ ఫొటో, మీ గొంతుతో చదివిన వాయిస్ మెసేజ్ వాట్సాప్‌లో పంపి, పుస్తకం ఊళ్లో వాళ్ల ఇంట్లో ఇచ్చిరండి.

ఆవిష్కరణ సభ పెట్టాలనుకుంటే దసరాకు, లేదా మీ ఊరి జాతరకు పెట్టండి. వలసపోయిన వాళ్లు ఊళ్లో ఉండేది అప్పుడే. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు పెడితే కుర్చీలు ఖాళీగా ఉంటాయి. బడి ఆవరణ, రచ్చబండ, ఊరి గ్రంథాలయం చాలు. ఫంక్షన్ హాలు అక్కర్లేదు. వేదిక మీద మొదటి వరుస సాయం చేసినవాళ్లది కావాలి. నాయకులు వస్తే సంతోషమే, కానీ వాళ్లు ఆలస్యమైతే ముసలివాళ్లను ఎండలో కూర్చోబెట్టి ఎదురుచూడొద్దు. ఒక్కొక్కరినీ పిలిచి, ఏం ఇచ్చారో ఒక్క వాక్యం ఊరి మాటలో చెప్పి, పుస్తకం చేతికివ్వండి. నడవలేని వాళ్ల దగ్గరికి మీరే దిగి వెళ్లండి.

7. ఆఫీసులకు, డబ్బు ఇచ్చినవాళ్లకు

ఆఫీసులకు వాక్యం పొట్టిగా సరిపోతుంది: సంస్థ పేరు, ఏ రికార్డు చూశారు, ఎప్పుడు. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో చూసిన కాగితాలకు ఫైలు వివరాలు ఆధారాల పట్టికలో ఇచ్చి, వెతికిపెట్టిన సిబ్బందికి కృతజ్ఞత ఇక్కడ చెప్పండి. పానగల్లు మ్యూజియం లాంటి చోట తీసిన విగ్రహాల ఫొటోలు వేస్తే, అనుమతి తీసుకున్న సంగతి ఫొటో కిందే రాయండి. అచ్చు ఖర్చు భరించిన దాతలకు వేరే పేజీ పెట్టండి. దాతల పేర్లు, జ్ఞాపకం ఇచ్చినవాళ్ల పేర్లు కలిపితే డబ్బిచ్చిన వాళ్లే చరిత్ర చెప్పారని అనుకునే వీలుంది.

8. అచ్చయ్యాక

ఎంత జాగ్రత్త పడ్డా ఒకటి రెండు పేర్లు జారిపోతాయి, అక్షరం తప్పు పడుతుంది. పేరు రాలేదని ఎవరైనా అడిగితే వాదించకండి. అప్పుడే నోటుబుక్కులో రాసుకుని, ఒక సవరణ చీటీ కొట్టించి, ఇంకా పంచని ప్రతుల్లో అతికించండి. పంచిన ప్రతులున్న ఇళ్లకు కూడా చీటీ పంపండి. పీడీఎఫ్ ఉంటే దాంట్లో వెంటనే మార్చండి.

ఊరి బడికి, గ్రామ పంచాయతీకి, జిల్లా కేంద్ర గ్రంథాలయానికి ఒక్కో ప్రతి ఇచ్చి రసీదు తీసుకోండి. సాయం నోటుబుక్కును పారేయకండి. దాంట్లో పేరు వద్దన్నవాళ్ల వివరాలు ఉంటాయి కాబట్టి ఎవరి చేతికీ ఇవ్వకండి కూడా. మీ ఊరి మీద రేపు ఇంకొకరు పని మొదలుపెడితే, ఒప్పుకున్నవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు వేరే కాగితం మీద ఎక్కించి, ముందు ఆ ఇళ్లకు ఒక మాట చెప్పి, ఆ తర్వాత ఇవ్వండి.